గ్రహణం చూడాలంటే కారు ఎటు తిప్పాలి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2027 ఆగస్టు 2న వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణం గురించి ఈ శీర్షికలో ఆమధ్య నాలుగు ముక్కలు రాస్తే, కుటుంబంతో కారు వేసుకుని వెళ్ళి చూడొచ్చా అంటూ గల్ఫ్ నుంచి, లండన్ నుంచి, మన ఊళ్ళ నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. అది చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా: ఆ రోజు చంద్రుడి నీడ స్పెయిన్ దక్షిణపు కొస, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాల మీదుగా ఒక పట్టీలా సాగిపోతుంది. ఆ పట్టీ వెడల్పు ఎంత ఎక్కువున్నా 258 కిలోమీటర్లే. ఈజిప్టులోని లక్సర్ దగ్గర సూర్యుడు 6 నిమిషాల 23 సెకన్ల పాటు పూర్తిగా మూసుకుపోతాడు, ఇది చాలా అరుదు. మన దేశంలో మాత్రం ఎక్కడా సంపూర్ణం కాదు.

ప్రశ్న: మేము రియాద్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. అప్పటికి అమ్మానాన్నల్ని జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద పిలిపిద్దామనుకుంటున్నాం. జెడ్డాకి కారులో వెళ్ళడం మంచిదా, లేక రియాద్‌లోనే మేడ మీద నుంచి చూస్తే సరిపోతుందా? (రియాద్ పాఠకుడు)

జవాబు: రియాద్‌లో చూస్తే సరిపోదండీ. రియాద్ ఆ పట్టీకి బయట ఉంది, అక్కడ పాక్షిక గ్రహణమే కనిపిస్తుంది. జెడ్డాలో దాదాపు ఆరు నిమిషాల సంపూర్ణ గ్రహణం, అదీ మధ్యాహ్నం ఒకటిన్నరకి కాస్త అటూఇటూగా, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండగా. ఇంత పొడుగు గ్రహణం దొరకడం కోసం జనం ఖండాలు దాటి వస్తారు, మీకు సొంత కారులో వెళ్ళే దూరంలో ఉంది.

ఇక ప్రయాణం సంగతి. రియాద్ నుంచి జెడ్డా సుమారు 950 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే పది గంటలకి తక్కువ పట్టదు, పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నారు కాబట్టి ఇంకో రెండు గంటలు వేసుకోండి. ఆగస్టు 2 సోమవారం, అంటే మీకు శుక్ర, శనివారాల సెలవు అయిపోయి పని మొదలైన రెండో రోజు. అందుకని ఇప్పుడే సెలవు అడిగిపెట్టుకుని, శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి తాయిఫ్‌లో ఒక రాత్రి పడుకుని (కొండ ఊరు కదా, రియాద్ వేడి నుంచి పెద్దవాళ్ళకి కాస్త ఊపిరి ఆడుతుంది) శనివారం జెడ్డా చేరడం నాకు నచ్చిన పద్ధతి. తాయిఫ్ బాగుంది కదా, అక్కడే ఆగి చూసేద్దామని మాత్రం అనుకోవద్దు. పట్టీ నడిమికి దగ్గరగా ఉన్నది జెడ్డాయే, అక్కడ గ్రహణం ఎక్కువసేపు ఉంటుంది. తాయిఫ్ నుంచి కిందికి దిగాక మక్కా వైపు వెళ్ళే దారిలో ముస్లింలు కానివాళ్ళు మక్కాలోకి వెళ్ళకుండా మళ్ళిపోవలసిన బైపాస్ బోర్డు వస్తుంది. పెద్దగానే రాసి ఉంటుంది, కానీ ఫోన్ మ్యాప్ చెప్పింది కదా అని కళ్ళు మూసుకుని తిప్పకండి, ముందురోజే దారి ఒకసారి చూసిపెట్టుకోండి. రాత్రిపూట ఎడారి రోడ్డు మీద నడపకపోవడమే మేలు, ఒంటెలు అడ్డొస్తాయి. బయల్దేరే ముందు టైర్లు చూపించండి, ఆగస్టు ఎండకి పాత టైర్లు రోడ్డు మీదే పేలిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద సమస్య ఎండ. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది, మీకు తెలిసిందే. గ్రహణం సరిగ్గా ఆ మూడు గంటల్లోనే పడుతుంది. పట్టు మొదలైనప్పటి నుంచి విడిచేదాకా కార్నిష్‌లో (సముద్రపు ఒడ్డున) కుర్చీలు వేసుకుని కూర్చుంటామంటే, అమ్మానాన్న గ్రహణం చూడరు, సెలైన్ బాటిల్ చూస్తారు. మేడ మీదికి గానీ, కార్ పార్కింగ్ లోకి గానీ లిఫ్టులో వెళ్ళగలిగే హోటల్ చూసుకోండి. లోపల ఏసీలో కూర్చుని, పావుగంటకోసారి ఒకరు బయటికి వెళ్ళి చూసి వచ్చి చెప్పండి. సూర్యుడు సన్నని కొడవలిలా అయ్యాక, సంపూర్ణానికి ఇరవై నిమిషాల ముందు అందరూ బయటికి రండి. అప్పటికే ఎండలో తీక్షణత తగ్గిపోయి ఉంటుంది.

ఇంకొక్క మాట. గల్ఫ్‌లో మనవాళ్ళు చాలామంది స్కూలు సెలవులని జూలైలోనే ఊరికి టికెట్లు తీసేసుకుంటారు. ఆ ఒక్క ఏడాది ఆగస్టు 4 తర్వాత తీసుకోండి. లేదంటే గ్రహణం మీరుండే దేశం మీదుగా పోతుంటే మీరు జగిత్యాలలో టీవీలో చూస్తూ కూర్చుంటారు.

ప్రశ్న: 2024 ఏప్రిల్ 8న మేము హ్యూస్టన్‌లో 94 శాతం గ్రహణం చూశాం. కొంచెం చీకటి పడిందంతే, పెద్ద ఏమీ అనిపించలేదు. జనం ఎందుకంత ఊగిపోతారు? మళ్ళీ అమెరికాలో ఎప్పుడు? (హ్యూస్టన్ పాఠకురాలు)

జవాబు: ఏమీ అనిపించకపోవడంలో మీ తప్పు లేదు. పరీక్షలో 94 శాతం వస్తే డిస్టింక్షన్, గ్రహణంలో 94కీ ఫెయిలే, 99కీ ఫెయిలే. ఎందుకంటే సూర్యుడి చుట్టూ ఉండే కరోనా, ఆ తెల్లటి జూలు లాంటి వెలుగు, మొత్తం మీద పున్నమి చంద్రుడంత కాంతి మాత్రమే ఇస్తుంది. సూర్యబింబం దానికి సుమారు పది లక్షల రెట్లు. బింబంలో నూటికి ఒక్క వంతు మిగిలినా అది కరోనా కంటే వేల రెట్లు ఎక్కువ, దాన్ని కనపడనివ్వదు. ఆ ఆఖరి ఒక్క శాతం కూడా మూసుకున్నప్పుడే పగలు పోయి సాయంసంధ్య లాంటి చీకటి వస్తుంది, చుట్టూ నాలుగు దిక్కులా సూర్యాస్తమయం రంగు కనిపిస్తుంది, నల్లటి బింబం అంచున గులాబీ రంగు జ్వాలలు కంటికే తెలుస్తాయి.

అదే రోజు డాలస్‌లో మనవాళ్ళు ఇంటి పెరట్లోంచి దాదాపు నాలుగు నిమిషాలు చూశారు. ఉదయమంతా మబ్బులు, ఒకటే టెన్షన్, సమయానికి చాలాచోట్ల విడిపోయాయి. నేనూ ఆ రోజు అక్కడే మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. వీధిలో అప్పటిదాకా బార్బెక్యూలు పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా కేకలు వేశారు. హ్యూస్టన్ నుంచి డాలస్ నాలుగు గంటల దారి కాబట్టి మీకు కాస్త కడుపు మండుతుందని తెలుసు.

అమెరికా ప్రధాన భూభాగంలో ఇక అక్కడి తేదీ ప్రకారం 2044 ఆగస్టు 22నే, అదీ మోంటానా వైపు. ఆ తర్వాత ఏడాది 2045 ఆగస్టు 12న కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా పెద్ద గ్రహణం ఉంది. అలాస్కా అయితే 2033 మార్చి 30. అంతవరకు ఆగలేకపోతే పాస్‌పోర్టు తీయండి.

ప్రశ్న: మా అత్తగారు మాతో దమ్మామ్‌లో ఉంటారు. గ్రహణం చూడటానికి ఊరు దాటి జెడ్డా వెళ్దామంటే "గ్రహణం పూట తలుపులేసుకుని కూర్చోవాలి గానీ, ఎదురెళ్ళి చూడటమేమిటే" అంటున్నారు. ఆ సమయంలో తినకూడదు, తాగకూడదు అంటారు. పైగా ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే అసలు బయల్దేరనివ్వనంటున్నారు. ఏం చెప్పమంటారు? (దమ్మామ్ పాఠకురాలు)

జవాబు: ముందుగా, ఆవిడతో వాదన పెట్టుకోకండి. గ్రహణం పట్టు స్నానం, విడుపు స్నానం, ఆవకాయ జాడీ మీద దర్భపోచ, ఇవి ఆవిడ చిన్నప్పటి నుంచి చేస్తున్న పనులు, మీరు కారులో చెప్పే సైన్సు పాఠంతో పోవు, పోవలసిన అవసరం కూడా లేదు. హోటల్ గదిలో స్నానం చేసుకోవచ్చు, దర్భలు సంచిలో వేసుకోవచ్చు, జపం చేసుకునేవాళ్ళకి ఆ ఆరు నిమిషాల కన్నా మంచి సమయం ఉండదు. గుళ్ళన్నీ మూసేసే పూట శ్రీకాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుందని గుర్తు చేసి చూడండి, కాస్త మెత్తబడవచ్చు.

రాజీ పడకూడనివి మాత్రం రెండున్నాయి. ఒకటి నీళ్ళు. పన్నెండు నుంచి రెండున్నర దాటేదాకా పట్టు ఉంటుంది, ఆగస్టు నెల, జెడ్డా ఉక్కపోత. షుగర్‌కి, బీపీకి మందులు వాడే మనిషి అన్ని గంటలు నీళ్ళు ముట్టకుండా ఉంటానంటే ఒప్పుకోవద్దు. శాస్త్రంలోనూ వృద్ధులకి, రోగులకి, పసిపిల్లలకి మినహాయింపు ఉందని పంచాంగం చెప్పే పంతులుగారి చేత ఫోన్ చేయించండి, మీ మాట కన్నా ఆయన మాట పనిచేస్తుంది.

రెండోది కడుపుతో ఉన్నవాళ్ళ విషయం. గ్రహణం నీడ పడితే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందన్నది నిజం కాదు. ఆ పెదవి చీలిక గర్భం మొదటి వారాల్లోనే ఏర్పడుతుంది, దానికి కారణాలు వేరు, ఆకాశంలో చంద్రుడు అడ్డం వచ్చినందువల్ల కొత్త కిరణాలేవీ పుట్టవు. కానీ దమ్మామ్ నుంచి జెడ్డా అంటే రియాద్ దాటి దేశం ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళడం, నెలలు నిండుతున్న మనిషిని అంత దూరం కారులో కూర్చోబెట్టాలంటే డాక్టరుని అడగాల్సిందే. విమానంలో అయితే రెండు గంటల పని. మీ అత్తగారు వద్దన్నది సరైనదే కావచ్చు, ఆవిడ చెప్పిన కారణం వేరు, అంతే.

రోకలి గురించి కూడా అడిగారు, పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెడితే గ్రహణం ఉన్నంతసేపూ నిలబడుతుందని. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందండీ. ఛానళ్ళ వాళ్ళు మామూలు రోజు వచ్చి చూపించరు, అదొక్కటే తేడా.

ప్రశ్న: కళ్ళకి ఏం వాడాలి? మా చిన్నప్పుడు పసుపు నీళ్ళలో చూసేవాళ్ళం, ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి చూసేవాళ్ళం. (ఖమ్మం పాఠకుడు)

జవాబు: రెండూ వద్దు. ఎక్స్‌రే ఫిల్ము, మసిపట్టిన గాజు, మామూలు చలువ కళ్ళజోడు, ఇవన్నీ వెలుగు తగ్గినట్టు అనిపింపజేస్తాయి గానీ కంటికి కనపడని పరారుణ కిరణాల్ని సరిగ్గా ఆపవు. నీళ్ళలో ప్రతిబింబాన్ని తదేకంగా చూసినా ప్రమాదమే. రెటీనాకి నొప్పి తెలియదు, కాలిపోతున్నా హెచ్చరిక రాదు, మర్నాటికి చూపు నడిమధ్యలో ఒక మచ్చ మిగులుతుంది. ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే కళ్ళద్దాలకి అంతర్జాతీయ ప్రమాణం) అని రాసి ఉన్న గ్రహణం కళ్ళద్దాలు నమ్మకమైన చోట కొనండి, గీత పడినా చిల్లు పడినా పారేయండి.

చిన్నపిల్లలకి ఆ అట్ట కళ్ళద్దాలు నిలవవు, జారిపోతాయి. వాళ్ళకి వంటింట్లోంచి బూందీ గరిటె ఇచ్చి సూర్యుడికి వీపు పెట్టి నిలబడమనండి. నేల మీద పడే నీడలో ఒక్కో చిల్లుకి ఒక్కో చిన్న సూర్యుడు, అన్నీ కొరికినట్టు. చెట్టు కింద అయితే ఆకుల సందుల్లోంచి కూడా అలాగే పడతాయి.

ఒక్క విషయం చాలామంది చెప్పరు: పట్టీ లోపల ఉన్నవాళ్ళు, సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ నిమిషాల్లో కళ్ళద్దాలు తీసేసి చూడాలి. పెట్టుకుని చూస్తే ఏమీ కనపడదు, అంతా నలుపే. అంచున వజ్రపుటుంగరంలా మెరుపు తిరిగి రాగానే మళ్ళీ పెట్టుకోవాలి. పాక్షిక గ్రహణం చూసేవాళ్ళు మాత్రం ఒక్క క్షణం కూడా తీయకూడదు.

ప్రశ్న: మేము లండన్ నుంచి స్పెయిన్ వెళ్ళి కారు అద్దెకి తీసుకుందామనుకుంటున్నాం. మలగాలో ఫ్లాటు చవకగా దొరుకుతోంది. చాలు కదా? (లండన్ పాఠకుడు)

జవాబు: మలగా పట్టీలోనే ఉంది గానీ అంచుకి దగ్గర, రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ఫ్లాటు మలగాలోనే తీసుకోండి, గ్రహణం పూట మాత్రం దక్షిణానికి తారిఫా వైపు దిగండి, నడిమికి జరిగేకొద్దీ సెకన్లు కాదు, నిమిషాలే పెరుగుతాయి. ఓపిక ఉంటే ముందురోజే ఫెర్రీలో జలసంధి దాటి మొరాకోలోని టాంజియర్ వెళ్తే ఐదు నిమిషాలకి దగ్గరగా వస్తుంది. వీసా చూసుకోండి, మన భారతీయ పాస్‌పోర్టుతో షెంగెన్ (స్పెయిన్ లాంటి యూరప్ దేశాల ఉమ్మడి వీసా) సింగిల్ ఎంట్రీ మీద మొరాకో వెళ్ళారంటే స్పెయిన్‌కి వెనక్కి రాలేరు. అక్కడ గ్రహణం ఉదయం పూట కాబట్టి పొద్దున్నే చేరాలి, ఆ రోడ్ల మీద ఆ పూట మీరొక్కరే ఉండరు.

ప్రశ్న: తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్ నిజంగా అంత ఉంటుందా? (షార్జా పాఠకుడు)

జవాబు: ఉంటుంది. వెళ్ళేటప్పుడు జనం రెండు మూడు రోజుల్లో విడివిడిగా చేరతారు, వచ్చేటప్పుడు అందరూ ఒకే పావుగంటలో కారు స్టార్ట్ చేస్తారు. 2024లో వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఆకాశం తేటగా ఉందని బోస్టన్, న్యూజెర్సీ వైపు వాళ్ళంతా అక్కడికి వెళ్ళారు. మూడు నాలుగు గంటల దారికి అర్ధరాత్రి దాటినవాళ్ళున్నారు. ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి, డబ్బు దండగ కాదు. అది కుదరకపోతే కనీసం రద్దీ తగ్గేదాకా కదలకండి, ట్యాంకు ముందురోజే నింపండి, పులిహోర డబ్బా కారులో ఉంచండి. పెరుగన్నం వద్దు, ఆ వేడికి గంటలో పులిసిపోతుంది.

ప్రశ్న: హీలియం మా గుంటూరులోనే కనిపెట్టారని మా మాస్టారు చెప్పేవారు. నిజమేనా? మళ్ళీ మన తెలుగునేల మీద సంపూర్ణ గ్రహణం చూడగలమా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: మీ మాస్టారు చెప్పింది చాలావరకు నిజం. 1868 ఆగస్టు 18 గ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త పనిగట్టుకుని గుంటూరు వచ్చాడు, బ్రిటిషువాళ్ళ బృందం ఒకటి అక్కడే దిగింది, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగుని విడదీసి చూస్తే గీతలు కనిపించాయి, అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చని జాన్సెన్‌కి తట్టింది, మర్నాడే గుంటూరులోనే చూసి చూపించాడు. ఆ వెలుగులోని ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చి హీలియం అని పేరు పెట్టింది ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. కాబట్టి కనిపెట్టింది పూర్తిగా గుంటూరే అనలేం గానీ, గుంటూరు లేకుండా ఆ కథ చెప్పలేం. ఓడల్లో నెలల తరబడి ప్రయాణించి వాళ్ళు మన ఊరికి వచ్చారు, మనమేమో పక్క జిల్లాకి కారు తీయడానికి ఆలోచిస్తాం.

1980 ఫిబ్రవరి 16న నీడ మళ్ళీ మన మీదుగా పోయింది, ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి శాస్త్రవేత్తలు వచ్చారు, జనం మాత్రం చాలామంది తలుపులు బిగించుకున్నారు. ఆ రోజు వీధులు ఖాళీ అని మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. మన దేశంలో తర్వాతిది 2034 మార్చి 20న, జమ్మూ కశ్మీర్, లదాఖ్ వైపు. మార్చిలో ఆ కనుమల్లో ఇంకా మంచు ఉంటుంది, సొంత కారులో గుంటూరు నుంచి అంటే నేను వద్దంటాను. శ్రీనగర్ దాకా విమానంలో వెళ్ళి అక్కడి డ్రైవరుని పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆయన గ్రహణం ఫొటోల కోసం పెద్ద లెన్సు కొంటానంటున్నారు. కొననివ్వాలా? (జెడ్డా పాఠకురాలు)

జవాబు: మొదటిసారి చూస్తున్నారా? అయితే వద్దండీ. ఆరు నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఫోకస్ తోనే పోతాయి, ఫిల్టర్ తీయడం మర్చిపోయాననే గొడవతో మిగతా రెండూ. దానికి బదులు పాత ఫోనుని కుర్చీ మీద నిలబెట్టి, ఆకాశం వైపు కాకుండా మీ ఇంటిల్లిపాది ముఖాల వైపు తిప్పి వీడియో ఆన్ చేయండి. నేల మీద ఒక తెల్లపంచె పరవండి, సంపూర్ణానికి ముందూ వెనకా దాని మీద నీడల చారలు పరుగెత్తవచ్చు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండమనండి. లెన్సు డబ్బులతో మంచి గొడుగులు, మడత కుర్చీలు కొనండి.